బావ గుండెకు నేనిచ్చిన రెండు గోలీలు

ఏడేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గోదావరిఖనిలో నాకొక మందుల షాపు ఉంది. మా అక్క భర్త బొగ్గుబావిలో పనిచేసేవాడు. కంపెనీ మెడికల్ బోర్డు ఆయన పనికి అన్‌ఫిట్ అని తేలిస్తే, ఆ కొలువు ఆయన బిడ్డకు వస్తుంది. చిక్కల్లా ఒకటే. మనిషికి ఏ జబ్బూ లేదు.

"గుండె గట్టిగున్నది, గదే తంటా అయింది బామ్మర్దీ," అన్నాడు ఒకరోజు షాపుకొచ్చి. "బోర్డు ముంగట జర మెల్లగ కొట్టుకోవాలె. గోలి ఏమన్న ఉన్నదా?"

"ఒక్కదానికి నీ గుండె ఇనదు బావా. రెండు రకాలు ఇస్త."

"ఏం గాదు గద?"

"నేనున్న గద, ఫికర్ చెయ్యకు."

రెండూ గుండె వేగాన్ని తగ్గించేవే. డాక్టరు చెప్పకుండా కలిపి వాడకూడదని నాకు తెలియదా? తెలుసు. పెద్ద డాక్టరులా మాట్లాడటం నాకు సరదా, అంతే.

బోర్డు గది బయట వరుసలోనే బావ కుప్పకూలాడు. దవాఖానలో డాక్టరు, ఏమైనా మందులు వేసుకున్నాడా అని నన్నే అడిగాడు. లేదన్నాను. షాపు పోతుందని భయం. అక్క మొహం ఎలా చూడాలని భయం. ఆ క్షణంలో బావ ప్రాణం కంటే నాకు నా భయమే ఎక్కువైందా? అయింది. ఎలాగో బతికాడు. తేరుకున్నాక, గోలీల వల్లేనా అని అడిగాడు. కాదు, నీ గుండెలోనే ఏదో లోపం దాగి ఉందన్నాను.

బోర్డు అన్‌ఫిట్ చేయలేదు, తేలిక పనికి మార్చింది. కొలువు బిడ్డకు రాలేదు. బావ మాత్రం ఆ రోజు నుంచి గుండె రోగి అయిపోయాడు. డప్పు మోగితే కాలు నిలవని మనిషి ఛాతీ పట్టుకుని కూర్చునేవాడు. పరీక్షలు బాగున్నాయన్నా నమ్మడు. నన్ను నమ్మాడు కదా!

నిన్న బావ మనవరాలు ఎత్తుకోమని ఆయన వైపు చేతులు చాపింది. "నా గుండె మంచిగ లేదు బిడ్డా," అన్నాడు. ఆ మాట ఆయనకు నేర్పింది నేనే. ఇక నా వల్ల కాలేదు.

ఈ ఉదయం ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మందుల పేర్లతో సహా ఇద్దరికీ చెప్పేశాను. డాక్టరు మళ్లీ అన్నీ పరీక్షించి గుండె నిక్షేపంగా ఉందన్నాడు. నన్ను చీవాట్లు పెట్టాడు. బావ తిట్టలేదు, నావైపు చూడలేదు. బయటికొచ్చాక బండెక్కమన్నాను. ఎక్కలేదు. కాలనీ వైపు నడక మొదలుపెట్టాడు.

బండిని తోసుకుంటూ వెనకే వెళ్లాను. క్షమిస్తాడో లేదో తెలియదు. అడగలేదు కూడా. ఆయన వేగం అందుకోలేక నాకే ఆయాసం వచ్చింది. ఇన్నేళ్లలో ఇంత హాయిగా ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.