కామా అక్కయ్య చేర్చిన రెండు వాక్యాలు

ఆ ప్రెస్సులో ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనబడదు. అందరికీ ఆవిడ కామా అక్కయ్యే. ఇరవై రెండేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. ఒత్తు తప్పినా పొల్లు జారినా ఆవిడ ఎర్రపెన్ను ఊరుకోదు. ఇంట్లో మొగుడు రాసిన సరుకుల చీటీ కూడా ఆవిడ దిద్దాకే కొట్టుకి వెళ్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, అక్షరాల తప్పులెక్కడ ఆగుతాయో, మనుషుల తప్పులెక్కడ మొదలవుతాయో ఆవిడకి సరిగ్గా తెలియదు.

ఒక రచయిత నేరాల నవలలన్నీ ఆవిడ బల్ల మీదికే వచ్చేవి. ఎప్పుడూ వాన, ఇరుకు సందులు, అమ్ముడుపోయిన పోలీసులు. ముక్కు విరుస్తూనే, ముందు ఆ కట్టే విప్పేది.

ఈసారి నవలలో డిటెక్టివు హంతకురాలినే ప్రేమించాడు. శవం పక్కన దొరికిన ఆమె చేతిరుమాలు జేబులో దాచేశాడు. ఏ పాపం ఎరగని వాచ్‌మన్ జైలుకి పోయాడు. ఆఖరి పేజీలో డిటెక్టివు సిగరెట్టు కాల్చుకుంటూ వానలో నడిచి వెళ్లిపోయాడు. అంతే, సమాప్తం.

"వాచ్‌మన్ పెళ్లాం గతేం కావాలి?" అంది అక్కయ్య పైకే.

కంప్యూటర్లో పేజీలు కట్టే బాబాయి తల తిప్పకుండానే, "కథలో వాడికి పెళ్లాం లేదు కదమ్మాయ్" అన్నాడు.

"లేదని మాత్రం ఎక్కడ రాశాడు?"

ఇక ఆగలేక చివర్లో రెండు వాక్యాలు చేర్చింది. ‘మలుపు దగ్గర డిటెక్టివు ఆగాడు. రుమాలుని కవర్లో పెట్టి, జడ్జిగారి పేరు రాసి, పోస్టు డబ్బాలో వేశాడు.’ బాబాయి వాటిని మారుమాటాడకుండా ఎక్కించేశాడు. ఎర్రసిరా అంటే ఆయనకి శాసనం.

పుస్తకం బయటికొచ్చిన నాలుగో రోజు రచయిత నిప్పులు కక్కుకుంటూ దిగాడు. "నా డిటెక్టివు చేత ఉత్తరాలు వేయిస్తారా!"

ప్రూఫులు అప్పటికే పాతకాగితాల్లో కలిసిపోయాయి. ఓనరు తిన్నగా బాబాయి మీద పడ్డాడు. "పేజీలు కట్టింది నువ్వేగా? రేపట్నించి రానక్కర్లేదు." బాబాయి అక్కయ్య వైపు ఒక్కసారి చూసి, కళ్లజోడు డబ్బాలో పెట్టుకున్నాడు.

ఇప్పుడు మన అక్కయ్య ఏం చేసిందయ్యా అంటే, మంచినీళ్లు తాగడానికి వెళ్లింది. రెండు గ్లాసులు తాగింది. బాబాయి ఎలాగూ వచ్చే ఏడు మానేసేవాడే కదా అనుకుంది. కొడుకు చూసుకుంటాడులే అనుకుంది. మూడో సాకు వెతుకుతుండగా, ఆ డిటెక్టివు కూడా రుమాలు దాచేముందు అచ్చం ఇలాగే సాకులు వెతుక్కున్నాడని గుర్తొచ్చింది. ఆ పేరా పక్కన ‘ఇలా ఎవరైనా ఆలోచిస్తారా?’ అని రాసింది తనే.

గ్లాసు బోర్లించి వచ్చింది. "ఆ రెండు వాక్యాలూ నావండీ. బాబాయి తప్పేం లేదు."

"మీరా? ఎందుకమ్మా?" అన్నాడు రచయిత.

"వాచ్‌మన్‌ని అలా వదిలేయబుద్ధి కాలేదండీ."

"నాకు మాత్రం అయిందా? చదివినవాళ్లకి నిద్ర పట్టకూడదనేగా వదిలేసింది! మీరు జోకొట్టి పడుకోబెట్టేశారు."

అక్కయ్య ఎర్రపెన్నుకి మూత పెట్టేసింది.

బాబాయి ఉద్యోగం నిలిచింది. పుస్తకం పాత ముగింపుతో మళ్లీ అచ్చయింది. అక్కయ్యకి మాత్రం ఆరు నెలలు లెక్కల గైడ్ల శిక్ష పడింది. వాటిలో హంతకులు లేరు, దాంతో ఆవిడకి ఆవలింతలు ఆగలేదు.

ఏడో నెలలో రచయిత కొత్త నవల పంపాడు. దిద్దేది ఆవిడే కావాలట. పైన చీటీ: ‘ఒత్తులు మీవి, పాపాలు నావి.’

మధ్యాహ్నానికల్లా మొదటి అధ్యాయం అయిపోయింది. "ఎలా ఉందమ్మాయ్?" అన్నాడు బాబాయి.

"ఒక్కడంటే ఒక్క మంచివాడు లేడు బాబాయ్" అంది అక్కయ్య చిరాగ్గా. "రెండో అధ్యాయం తొందరగా ఇవ్వు."