పొయ్యి వెలిగించవద్దన్న పిలుపు

మార్చి నెలలో మా నరసరావుపేటలో సాయంత్రం ఆరింటికి కూడా డాబా మీద అరికాలు మోపలేం. మిరపకాయలు కల్లాల్లోంచి కదిలే రోజులవి. ఏ వీధిలో నడిచినా ఘాటు ముక్కుకెక్కి నాలుగు తుమ్ములు తుమ్మాల్సిందే. అలాంటి నెలకు మా కోడలు వసంతం అని పేరు పెట్టింది. మూడేళ్ళుగా ఆ వసంతం పేరు మీద ఒక సాయంత్రం డాబా మీద విందు చేస్తోంది. ఇంగ్లీషు అక్షరాలతో, పూలతీగెలతో ఒక బొమ్మ తయారుచేసి అందరికీ ఫోన్లో పంపుతుంది. పోయినసారి అందులో కొత్తగా ఒక ముక్క చేరింది. ఆడవాళ్ళు లేత పసుపు, మగవాళ్ళు తెలుపు కట్టుకొని రావాలట. ఒంటిమీద బట్ట ఏ రంగుదో కూడా పిలిచినవాళ్ళే చెప్పే పిలుపు నా డెబ్బయ్యారేళ్ళలో అదే మొదటిసారి చూడటం.

పిలుపులు నేనూ ఎరుగుదును. మా ఆవిడ ఉన్న రోజుల్లో మా వైపు భోజనాల పిలుపులు రెండు రకాలు. ‘ఇంటికొకరు రండి’ అనేది ఒకటి. దానికి పెద్దాయన ఒక్కడూ కండువా వేసుకొని వెళ్ళి తిని వచ్చేవాడు. రెండోది ‘పొయ్యి వెలిగించబాకండి’ అనేది. ఆ మాట అన్నామంటే ఆ ఇంట్లో పసిపిల్ల మొదలు మంచంలో ఉన్న ముసలమ్మ దాకా ఆ పూట ఆకలి మన బాధ్యత. పిలుపు అందుకున్నవాళ్ళు బియ్యం కడగరు, కూరగాయ తరగరు. పొయ్యి తుడిచి, ముగ్గు పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తారు. ఆ నమ్మకం మీద వచ్చినవాళ్ళకు విస్తరి ఆలస్యమైతే అది పిలిచిన ఇంటికి తలవంపు. అందుకని ఆ మాటను ఎవరూ ఊరికే అనేవాళ్ళు కాదు.

మా పక్కిల్లు సాయిబులది. మధ్యలో ఒకటే గోడ. ఆయన మోటార్లకు వైండింగ్ కడతాడు. ఈ చుట్టుపక్కల పొలాల్లో ఆయన చెయ్యి పడని మోటారు తక్కువ. నేను చిలకలూరిపేట పత్తి జిన్నింగు మిల్లులో బేళ్ళ మీద రాసిన అక్షరాలు చూసి చదువు నేర్చుకొని, ఆ నేర్చిందే ఆయన కొట్టు గచ్చు మీద సుద్దముక్కతో ఆయనకు నేర్పాను. అప్పటినుంచి ఒకరినొకరం బావా అనుకోవడమే. ఆయన భార్య నాకు చెల్లెలు, మా ఆవిడ ఆమెకు వదిన. ఏటా ఉపవాసాల నెలలో ఒకరోజు మా ఆవిడ వాళ్ళింటికి వెళ్ళి పొయ్యి వెలిగించవద్దని చెప్పి వచ్చేది. మసీదులో పిలుపు వినబడేసరికి మా వసారాలో చాపలు, ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, మంచినీళ్ళు సిద్ధం. వాళ్ళు నమాజు చేసుకొని వచ్చేసరికి వేడి గారెలు, కోడికూర. మా ఆవిడ పోయాక ఆ పిలుపు ఆగిపోయింది. మూడేళ్ళు నేనూ పట్టించుకోలేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మంచిది.

ఈ మధ్య ఏళ్ళలో ఉపవాసాల నెల కూడా మార్చిలోనే వస్తోంది. పోయినసారి కోడలి విందు ఆ నెల మధ్యలో పడింది. రెండురోజుల ముందు ఆమె హాల్లో కూర్చొని దీపాల తీగ చిక్కు విడదీస్తుంటే అడిగాను.

“పక్కింటివాళ్ళకు చెప్పావా అమ్మా?”

“లేదు మావయ్యా. ఇరవైమందికే ఏర్పాటు. వాళ్ళని పండగయ్యాక విడిగా పిలుద్దాం.”

“విడిగా ఎందుకు? మీ అత్తయ్య ఉంటే...”

“అత్తయ్యకు ఎంతమంది వచ్చినా చేసే ఓపికుంది. నాకు లేదు. పైగా వచ్చేవాళ్ళంతా మా కాలేజీవాళ్ళు, ఆయన ఆఫీసువాళ్ళు. ఎవరికెవరూ తెలియదు. అందరికీ ఇబ్బంది.”

“ఎవరికమ్మా ఇబ్బంది? పంచె కట్టుకొని తిరుగుతున్నాను, నేను కూడా ఇబ్బందేనా?”

“నేను ఒకటంటే మీరు ఇంకొకటి తీస్తారు.”

మా అబ్బాయి ఫోన్లోంచి తల ఎత్తకుండా, “నాన్నా, వదిలెయ్యి” అన్నాడు.

ఇప్పుడు రాస్తుంటే ఆ పిల్ల మాటల్లో పెద్ద తప్పేమీ కనిపించడం లేదు. ఆమె గుంటూరులో పెరిగింది. ఈ ఊరికి కోడలిగా వచ్చి, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, ఏడాదికి ఒక్క సాయంత్రం తనకు నచ్చినట్టు నలుగురిని పిలుచుకుంటోంది. కానీ ఆ రోజు ‘వదిలెయ్యి’ అన్నమాట నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. చొక్కా తగిలించుకొని పక్కింటికి వెళ్ళాను.

ఆయన నేలమీద కూర్చొని రాగితీగ చుడుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

“ఏంది బావా, కోడలు కాఫీ ఇయ్యలేదా? మొహం అట్టా పెట్టావు?”

“ఎల్లుండి సాయంత్రం మా ఇంటికి రావాలి. అందరూ. పొయ్యి వెలిగించబాకండి.”

ఆయన చెయ్యి ఆగింది. లోపల్నించి ఆయన భార్య కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఏందన్నా, మళ్ళా అను.”

మళ్ళీ అన్నాను.

“వదిన పోయినాక ఆ మాట ఇంక వింటాననుకోలా” అని ఆమె గడప మీదనే కూర్చుండిపోయింది.

ఆయన మాత్రం నా మొహంలోకి చూశాడు. “మీ డాబా మీద లైట్లు కడతన్నారు గదా. చానా పెద్దోళ్ళు వస్తారంటగా. మేమెందుకు బావా మధ్యలో? నీ కోడలికి తెలుసా?”

“ఆ పిల్లే పంపింది” అన్నాను.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. నా లెక్క ఒకటే. ఇరవైమంది ఎదుట వీళ్ళు మెట్లెక్కి వస్తారు. నలుగురిలో ఆమె కాదనలేదు. పిలుపంటే ఏమిటో తెలిసొస్తుంది. వాళ్ళు పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండి వస్తారని తెలుసు. తెలిసే పిలిచాను. ఆ రెండురోజులూ ఇంట్లో ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె ఎంత విసుక్కున్నా ఆరు కుర్చీలు వేసేది, ఆరుగురికి అన్నం వండించేది. అది నాకు బాగా తెలుసు.

ఆ సాయంత్రం డాబా అందంగానే ఉంది. కోపం ఉన్నా కళ్ళకు కనిపించింది కాదనలేను. పొడుగాటి బల్ల మీద తెల్లటి గుడ్డ, గాజుజాడీల్లో పుదీనా ఆకులు తేలే నీళ్ళు, బెంగళూరు నుంచి తెప్పించిన పూలు, నీటి తుంపర చల్లే ఫ్యాను. మా పెరటి వేపచెట్టు పూత మాత్రం ఎవరూ పిలవకుండానే ఆ గుడ్డ మీద రాలుతోంది. కోడలు వచ్చినప్పుడల్లా దాన్ని చేత్తో దులిపేస్తోంది. ప్రతి పళ్ళెం ముందూ ఒక చిన్న అట్టముక్క నిలబెట్టి, దాని మీద ఇంగ్లీషులో పేరు రాసింది. భోజనం గుంటూరు వంటవాళ్ళు ఎనిమిదింటికి తెస్తారట. అందరూ వచ్చి ఫోటోలు తీసుకునేదాకా బల్ల మీద ఏదీ కదపకూడదట.

ఎనిమిదింటికి అని విని గడియారం చూశాను. అప్పటికి ఆరు దాటింది. పక్కింటి తలుపు దగ్గరగా వేసి వాళ్ళు బయటికి వస్తూ కనిపించారు.

నలుగురు పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు. అనుకోకుండానే ఆయన ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో వచ్చాడు. అత్తరు వాసన ఆయనకంటే ముందు మెట్లెక్కింది. చెల్లెమ్మ చేతిలో ఖర్జూరాల స్టీలు డబ్బా ఉంది. అప్పటికే ఏడెనిమిది మంది అతిథులు పసుపు, తెలుపు బట్టల్లో పిట్టగోడ దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళు ఒకసారి చూసి, చిరునవ్వు నవ్వి, మళ్ళీ మాటల్లో పడ్డారు. కోడలు కింద వంటింట్లో ఉంది.

ఆయన బల్లను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. మొహం వెలిగిపోయింది.

“పేర్లు గూడా రాసిపెట్టింది బావా! నాకు ఇంగ్లీషు రాదు గదా, మాయి యాడుండాయో చూడు.”

పురుగుమందు డబ్బాల మీద చదివి చదివి ఇంగ్లీషు అక్షరాలు నేను కూడబలుక్కోగలను. నేను చూడటం మొదలుపెట్టాను. లేవని తెలిసీ ఒక్కొక్క పళ్ళెం దగ్గర ఆగి, వంగి, పేరు చదివి, ముందుకు నడిచాను. ఇరవై అట్టముక్కలు. ఆయన నా వెనకనే ఒక్కో అడుగు వేస్తున్నాడు. ఆయన వెనక ఆయన కొడుకు, కోడలు, పిల్లలు. చివరకు వచ్చి, రెండోపక్క నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

“కనపళ్ళా?” అన్నాడు.

“ఈ పక్కన ఉంటాయి” అన్నాను.

అప్పుడు కోడలు ట్రే పట్టుకొని పైకి వచ్చింది. చెల్లెమ్మ ఎదురెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

“పొయ్యి వెలిగించబాకండని నువ్వే పంపిచ్చావంట గదమ్మా. మీ అత్త మాట గుర్తు పెట్టుకున్నావు తల్లీ.”

కోడలు నా వైపు చూసింది. ఆ చూపు ట్రే కింద పెట్టినంతసేపే ఉంది.

“అవును పెద్దమ్మా, నేనే పంపించాను. కూర్చోండి, కూర్చోండి.”

అని గబగబా దగ్గరున్న ఆరు పళ్ళేల ముందున్న అట్టముక్కలు తీసి గుప్పిట్లో దాచుకుంది. మొదటి రెండూ తనదీ, మా అబ్బాయిదీ.

పసుపు చీర కట్టుకున్న ఒకావిడ, “అది మా ఆయన సీటు కదండీ?” అంది.

“వేరేది వేయిస్తానండీ, ఒక్క నిమిషం.”

సాయిబు ఆ గుప్పిటను చూశాడు. తరవాత నన్ను చూశాడు. సరిగ్గా అప్పుడే మసీదులో పిలుపు వినిపించింది. ఆయన డబ్బా తెరిచి ఇంట్లోవాళ్ళందరికీ తలా ఒక ఖర్జూరం ఇచ్చి, తాను ఒకటి నోట్లో వేసుకున్నాడు. గాజుజాడీ జోలికి పోలేదు. డాబా మూలనున్న ఫిల్టరు దగ్గర గ్లాసుతో నీళ్ళు పట్టుకొని, నిలబడే తాగాడు. వాళ్ళు కూడా ఒకరి తరవాత ఒకరు ఆ గ్లాసుతోనే తాగారు.

“నమాజుకు టైమయింది బావా. పోతాం.”

“కూర్చో బావా. భోజనం వస్తోంది.”

“ఎప్పుడు?”

చెల్లెమ్మకు అప్పటికీ అర్థం కాలేదు. ఆయన మొహం చూసి లేచింది. ఈలోగా కిందికి వెళ్ళి, పళ్ళెంలో అరటిపళ్ళు, ఇడ్లీలు పెట్టుకొని పైకి వస్తున్న మా కోడలు మెట్ల మధ్యలో వాళ్ళకు ఎదురైంది. “పెద్దమ్మా, పదినిమిషాలు, నేను వండేస్తాను” అంటోంది. చెల్లెమ్మ ఆమె చెంప తడిమి కిందకి దిగిపోయింది.

నేను పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. వెనక ఫోటోల కోసం కుర్చీలు జరుపుతున్నారు. గోడ అవతల వంటింట్లో లైటు వెలిగింది. అరగంటకు కుక్కరు కూత వినిపించింది. మూడు కూతలూ లెక్కపెట్టాను. ఎవరో “అంకుల్, మీరు కూడా రండి” అని నన్ను లాక్కెళ్ళి ఫోటోలో నిలబెట్టారు. నా చొక్కా తెల్లదే.

మర్నాడు పొద్దున కోడలు డాబా మీద గుడ్డ మడతపెడుతోంది. వేపపూత దులపడం కూడా మానేసి అలాగే చుట్టేస్తోంది. నేను వెళ్ళి నిలబడ్డాను. చుట్టిన గుడ్డ పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

“నా మీద కోపముంటే నన్ను తిట్టాల్సింది మావయ్యా. పగలంతా నీళ్ళు కూడా తాగనివాళ్ళను తీసుకొచ్చి నా ముందు నిలబెడతారా?”

“నువ్వు ముందే పిలిచుంటే...” అని మొదలుపెట్టాను. ఏళ్ళ తరబడి నోటికి అలవాటైన కోపం అది. సగంలో ఆగిపోయింది. ఆమె నా అబద్ధాన్ని తన మీద వేసుకొని, వచ్చినవాళ్ళ ముందు నా పరువు నిలబెట్టింది. నేను చేసింది ఏమిటంటే, మా ఆవిడ ప్రేమగా అనే మాటను తీసుకెళ్ళి ఇంట్లో తగువు గెలవడానికి వాడుకున్నాను.

ఆ మధ్యాహ్నం కొట్టు దగ్గరకు వెళ్ళాను. ఆయన రాగితీగ చుడుతూ తలెత్తాడు. పక్కనున్న స్టూలు తుడిచాడు. ముప్పై ఏళ్ళుగా ఆ స్టూలును ఎవరూ నా కోసం తుడవలేదు.

“రండి, కూర్చోండి.”

“ఏంది బావా కొత్తగా?” అని నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. జరిగింది మొత్తం చెప్పాను. కోడలికి తెలియదని, పంపింది ఆమె కాదని, నా పంతమేనని. ఆయన తీగ చుట్టడం ఆపకుండా విన్నాడు.

“ఆ పిల్ల మొహం చూడంగానే తెలిసిందిలే. పాపం, మీ కోసం అబద్ధమాడింది. మంచి పిల్ల. ఏమీ అనబాకండి.”

“తిట్టు బావా నన్ను.”

“తిట్టేదేముంది? పెద్దోళ్ళు మీరు.”

ఆయన నాకంటే ఏడాది పెద్ద.

పండగయ్యాక కోడలు నాకు చెప్పకుండా తానే వెళ్ళి పిలిచి వచ్చింది. ఏ మాట అని పిలిచిందో నేను అడగలేదు. అందరూ వచ్చారు. వసారాలో చాపలు వేసి, తానే వండి, తానే వడ్డించింది. గారెలు కాస్త గట్టిగా వచ్చాయి. చెల్లెమ్మ పిండి ఎంతసేపు రుబ్బాలో చెబుతుంటే కోడలు ఫోన్లో రాసుకుంది. ఈ ఏడు మార్చి విందుకు ఆ ఇద్దరూ కలిసే వంట అనుకుంటున్నారు. ఆ వంటింట్లో నాకు చెప్పేదేమీ లేదు.

ఆయన రోజూ కనిపిస్తూనే ఉన్నాడు. గోడ మీదుగా పేపరు అడుగుతాడు, చదివి మడతపెట్టి తిరిగి ఇస్తాడు. మోటారు ఆగితే పిలవకముందే వస్తాడు. నేను ఇప్పటికీ బావా అనే పిలుస్తున్నాను.

“చెప్పండి” అంటాడు.