పోచమ్మ తినకముందు

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వాళ్లు చిరుధాన్యాల విందు అని ఒకటి పెట్టారు. కింద పార్కింగులో కార్లన్నీ బయటికి తీసి, బల్లలు వేసి, జొన్నరవ్వ ఉడికించిన గటకను గాజు గిన్నెల్లో పోసి, పైన కొత్తిమీర చల్లి, దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టారు. ఈ చుట్టుపక్కల పాత సంగతులు తెలిసినవాణ్ణని నన్ను కూడా పిలిచారు. "నాలుగు మాటలు చెప్పండి అంకుల్" అన్నారు. నేను గొంతు సవరించుకుని "ఆ రోజుల్లో ఇక్కడ పిల్లలు గటక తినడం కోసం..." అన్నానో లేదో, ఒక అమ్మాయి నవ్వుతూ మైకు అందుకుని అంత్యాక్షరి మొదలుపెట్టింది. నాకిది కొత్త కాదు. నా మాట సగంలో ఆపేయడం మా డిపార్టుమెంటు వాళ్లు యాభై ఏళ్ల కిందటే మొదలుపెట్టారు. అర్జీలు రాశాను, గుర్తుచేస్తూ మళ్లీ రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. అందుకని ఈసారి కాగితం మీద రాస్తున్నాను. దీన్ని మధ్యలో లాక్కునేవాళ్లు లేరు.

ఆ రోజుల్లో కొండాపూర్ అంటే బండలు, జొన్నచేలు, వాటి మధ్య సీతాఫలం పొదలు. హఫీజ్‌పేట్ స్టేషన్లో ప్యాసింజరు దిగితే, నేను పనిచేసే ఊరికి రాళ్ల మధ్య కాలిబాటన గంటకు పైగా నడవాలి. (ఆ ఊరి పేరు రాయను. అక్కడ ఇప్పుడు ఇరవయ్యో అంతస్తులో ఉంటున్నవాళ్లు, తమ కింద ఒక ఊరుండేదని తెలిసి కంగారు పడతారు.) నాకు ఇరవై రెండేళ్లు. కృష్ణా జిల్లా నుంచి డిగ్రీ పట్టా, నాలుగు తెల్లచొక్కాలు పట్టుకుని కొత్తగా వచ్చాను. బడికెళ్లే వయసు రాని పిల్లలకు రోజూ ఒక పూట బలమైన తిండి పెట్టే పథకంలో నేను కార్యకర్తను. వరసగా రెండేళ్లు వానలు లేవు. బావుల్లో చేద వేస్తే బురద వచ్చేది. పిల్లల కాళ్లు జొన్నదంట్లలా సన్నగా, పొట్టలు మాత్రం ముందుకు ఉండేవి. పై నుంచి వచ్చిన షరతు ఒక్కటే. నెల తిరిగేసరికి అధికారి వచ్చి చూస్తాడు, పిల్లలు కూర్చుని తింటుంటే కేంద్రం నడుస్తుంది, లేకపోతే నూకల బస్తాలు ఇంకో ఊరికి వెళ్లిపోతాయి.

వంటకు ఒక ముసలామె కుదిరింది. ఖాళీగా ఉన్నప్పుడు మోదుగాకులతో ఇస్తళ్లు కుడుతుండేది కాబట్టి ఊళ్లో అందరూ ఆమెను ఇస్తార్ల అవ్వ అనేవారు. మొదటి రోజు ఆమె పెద్ద గంజులో గోధుమ నూకలతో ఉప్మా వండింది. ముప్పై మంది పిల్లలు వేపచెట్టు నీడలో ఇస్తళ్ల ముందు కూర్చున్నారు, తల్లులు వెనక నిలబడ్డారు. నేను శిక్షణలో ఇచ్చిన పుస్తకం తెరిచి, "వడ్డించుటకు పూర్వము కార్యకర్త ప్రజల యెదుట ఆహారమును రుచి చూడవలెను, తద్వారా విశ్వాసము కలుగును" అన్న వాక్యం పైకి చదివాను. చదివి, గంటెతో ఉప్మా తీసి, ఎత్తు నుంచి అరచేతిలో వేసుకుని, నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని "అబ్బ, ఎంత బాగుందో!" అన్నాను. (గంటె నోటికి తగలనివ్వలేదు. ఎంగిలి సంగతి తెలియని ఇంట్లో పుట్టలేదు నేను.) కళ్లు తెరిచేసరికి తల్లులు పిల్లల రెక్కలు పట్టుకుని లేపుతున్నారు.

"ఏమ్మా, ఇంకా పెట్టనేలేదు, ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"ఆకలైతలేదంట సారూ, పోరనికి."

పోరడు గంజు వైపు చూస్తూ ఏడుస్తున్నాడు.

"మా పొల్లకు కడుపుల మంచిగ లేదు సారూ" అని ఇంకొకామె వెళ్లింది. ముప్పై మందికీ ఒకేసారి కడుపులో బాగోలేదు. ఆ ఉప్మా మేకలు తిన్నాయి.

రెండో రోజు అల్లం, కరివేపాకు పట్నం నుంచి కొనుక్కొచ్చాను. ఇంకా గట్టిగా "అబ్బ!" అన్నాను. మళ్లీ మేకలే తిన్నాయి. మూడో రోజుకు నాకు విషయం అర్థమైపోయిందనుకున్నాను. ఆ రోజుల్లో మా జిల్లా పేరు చెబితే ఆఫీసుల్లో కొందరు మొహం తిప్పుకునేవారు. ఎందుకు తిప్పుకునేవారో వాళ్ల బాధలు వాళ్లకున్నాయని ఇప్పుడు తెలుసు గానీ, అప్పుడు నాకు తెలిసింది నా బాధ ఒక్కటే. నేను ఆంధ్రావాణ్ణి కాబట్టే నా చేతి తిండి తినడం లేదని తేల్చుకుని, పై అధికారికి నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను. ఎండకు పెద్ద టోపీ పెట్టుకుని తిరిగే ఆయన్ని నేను మనసులో టోపీ దొర అనుకునేవాణ్ణి. ఆయన దానికి జవాబివ్వలేదు. (నా ఫిర్యాదుల్లో జవాబు రాకపోవడమే నయమైంది ఇదొక్కటే.)

నాలుగో రోజు కూడా మేకలు వచ్చి సిద్ధంగా నిలబడితే నాకు ఏడుపొచ్చింది. అవ్వ గంజు పక్కన కూర్చుని ఇస్తరి కుడుతోంది.

"అవ్వా, నిజం చెప్పండి. నేను ఆంధ్రా నుంచి వచ్చానని కదండీ వీళ్లు తినడం లేదు?"

ఆమె పుల్ల విరిచి ఆకుకు గుచ్చుతూ, "నువ్వు ఏడికెల్లి వస్తే మాకేంది సారూ? నూకలు తింటం గని నిన్ను తింటమా?" అంది.

"మరెందుకు?"

"చెప్తే నారాజ్ అయితవ్."

"అవనండీ."

"గిప్పుడే అయితున్నవ్. మొకం చూస్కో."

బతిమాలగా చెప్పింది. ఎవరింట్లో వాళ్లు వండుకుంటే ఎవరిష్టం వాళ్లది. కానీ ఊరికంతటికీ కలిపి ఒక్క గంజులో వండితే, మొదటి ముద్ద పోచమ్మది. ఆ తల్లి గద్దె అవతల కంచె పక్కనే ఉంది. ఆమెకు పెట్టకముందే నేను నాలుగు రోజులుగా అందరి ఎదుట తినేసి, పైగా కళ్లు మూసుకుని ఆనందిస్తున్నాను. "ఊర్ల రెండిండ్ల పోరగాండ్లకు తట్టు పోసింది సారూ. తల్లి గుస్సల ఉన్నది. ఆమె తినకముందు నువ్వు తింటివి, ఇగ ఆ గంజంత నీ ఎంగిలే. గది తిని రేపు మా పిల్లలకేమన్న అయితే? తల్లులు పరేషాన్ గారా?"

"ఈ మాట మొదటి రోజే చెప్పొచ్చు కదండీ!"

"ఎట్ల చెప్పాలె? నువ్వు సర్కారు పుస్తకం చూసి సదువుతుంటివి. సర్కారు చెప్పినంక నేనేం చెప్త?"

నాకు కోపం రావలసింది ఎవరి మీదో అర్థం కాలేదు. ఆకలితో ఉన్న పిల్లల్ని నాలుగు రోజులు లేపి పంపింది నేనే. వాళ్లకు నమ్మకం కలగాలని పుస్తకంలో చెప్పినట్టు చేసి, వాళ్లకున్న నమ్మకాన్ని వాళ్ల కళ్ల ముందే నమిలి మింగాను.

మర్నాడు అవ్వ చెప్పినట్టే జరిగింది. గంజు సున్నం పెట్టి తోమారు. "గా ఉప్మా మాకు నోటికి పోదు సారూ, గట్క లెక్క వండుదం" అని నూకల్లో జొన్నరవ్వ కలిపింది. ఒకామె గుప్పెడు చింతపండు తెచ్చింది, ఇంకొకామె రెండు ఉల్లిగడ్డలు తెచ్చింది, పచ్చిపులుసు తయారైంది. ఎవరూ అడగకుండానే తల్లులు కట్టెలకు వంతులు వేసుకున్నారు. ఊరి ప్రజలను కార్యక్రమంలో ఎలా భాగస్వాముల్ని చేయాలో మా శిక్షణలో రెండు రోజులు చెప్పారు, అందులో చింతపండు ప్రస్తావన లేదు. అవ్వ ఆకుదొప్పలో మొదటి ముద్ద పెట్టుకుని గద్దె దగ్గరికి వెళ్లి, వేపరెమ్మతో నీళ్లు చల్లి, తిరిగొచ్చి "ఇగ పెట్టు సారూ" అంది. పిల్లలు తిన్నారు. ఆ చప్పుడు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ముప్పై నోళ్లు పులుసు జుర్రుకునే చప్పుడు. పుస్తకం మాటేమిటని నేను సణిగితే, "నువ్వు ఆఖరుకు తిను, మిగిల్తే" అంది అవ్వ. (ఎక్కువసార్లు మిగల్లేదు. ఇది కూడా నేను నమోదు చేయదలచుకున్నాను.)

నెలాఖరున జీపు వచ్చింది. గంజు అప్పుడే దించారు, అవ్వ దొప్ప పట్టుకుని గద్దె వైపు బయలుదేరింది. ఆమె మోకాళ్ల నొప్పులకు ఆ కాస్త దూరమే చాలాసేపు పట్టేది. టోపీ దొర దిగుతూనే గడియారం చూసుకుని, "ఊఁ, రుచి చూడండి, మొదలుపెట్టండి" అన్నారు.

పిల్లలందరూ నా చేతి వైపు చూశారు. తల్లులు పిల్లల భుజాల మీద చేతులు వేసి సిద్ధంగా నిలబడ్డారు.

"మంచినీళ్లు తాగుతారాండి?" అన్నాను.

"అక్కర్లేదు."

"వెనక బొప్పాయి మొక్కలు వేశామండి, ఒకసారి చూస్తే..."

"తర్వాత చూస్తా. మీరు ముందు తినండి."

కంచె అవతల అవ్వ తల ఇంకా వంగే ఉంది. నేను గంటె చేతిలోకి తీసుకున్నాను. ఒక తల్లి కొడుకు రెక్క పట్టుకుంది. గంటె మళ్లీ గంజులో పెట్టేశాను.

"నేను తిననండి."

"ఏం? బాగోలేదా?"

"చాలా బాగుందండి."

"బాగుంటే తినడానికి భయమెందుకయ్యా? ఇందులో ఏం కలిపారు?"

సంగతి చెప్పవచ్చు. చెబితే ఏం జరుగుతుందో కూడా తెలుసు. మూఢనమ్మకాలున్నవాళ్లను వంటకు పెట్టకూడదని ఆ పుస్తకంలోనే పన్నెండో పేజీలో ఉంది. అవ్వను తీసేస్తారు. ఇంకెవరో వచ్చి ఉప్మా వండుతారు, పోచమ్మకంటే ముందు రుచి చూస్తారు, మేకలు బలుస్తాయి. అందుకని నేను, ప్రతి చిన్నదానికీ నాలుగు పేజీలు రాసే నేను, నోరు మూసుకుని నిలబడ్డాను. చెమటలు పట్టాయి. ఆయన నా మొహం చూసి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, జేబులోంచి పెన్ను తీశారు.

అప్పుడు అవ్వ వచ్చింది. జీపునూ చూడలేదు, దొరనూ చూడలేదు. "ఇగ పెట్టు సారూ" అంది.

పెట్టాను. పిల్లలు తిన్నారు, రెండోసారి అడిగి మరీ తిన్నారు. దొర కాసేపు చూసి, ఆ వాసనకు ఆగలేక కాబోలు, తనకూ ఒక ఇస్తరి వేయమన్నారు. అవ్వ నవ్వుకుంటూ గటక పెట్టి పచ్చిపులుసు పోసింది. ఆయన తిని, "ఇంకొంచెం" అన్నారు. అది కూడా తిన్నారు. చేయి కడుక్కుని, వెనక బొప్పాయి మొక్కలు లెక్కపెట్టుకుని జీపెక్కారు.

కేంద్రం ఆ ఎండాకాలమంతా, మళ్లీ వానలు పడి జొన్న చేతికొచ్చే దాకా నడిచింది. అందుకు నాకేమీ ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు ఆ జీపు వెళ్లిన రెండు వారాలకు వచ్చిన మెమో గురించి. "కార్యకర్త తాను వండించిన ఆహారమును తానే రుచి చూచుటకు భయపడినాడు. ఇట్టి ప్రవర్తన విశ్వాసమునకు భంగకరము" అని రాసి, నా సర్వీసు పుస్తకంలో ఎక్కించారు. రెండు ఇస్తళ్లు ఖాళీ చేసిన మనిషి రాసిన వాక్యం అది.

అవ్వకు చదివి వినిపించాను. ఆమె పడీ పడీ నవ్వింది.

"భయపడ్డవని రాసిండా? రాస్కోని తియ్ సారూ. పోచమ్మకు భయపడ్డవ్, మంచిదే గద."

"నేను భయపడలేదు అవ్వా!"

"గట్లనే గని, మొకమంత చెమటలెందుకు పట్టినయ్ మరి?"

అప్పుడు ఒప్పుకోలేదు గానీ ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, భయపడ్డాను. పోచమ్మకు కాదు, దొరకూ కాదు. పిల్లలు మళ్లీ లేచి వెళ్లిపోతారేమోనని భయపడ్డాను. ఈ తేడా వివరిస్తూ డిపార్టుమెంటుకు పదకొండు ఉత్తరాలు రాశాను. రిటైరయ్యే రోజున దండ వేసిన అధికారి చేతిలో పన్నెండోది పెట్టాను. ఆయన అది ఆహ్వానపత్రిక అనుకుని, "తప్పకుండా వస్తానండి" అన్నారు. గంటె పట్టుకుని చెమటలు కక్కిన ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడు గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. కాస్త ముద్దు కూడా వస్తాడు. కానీ వాడి తరఫున అడగాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఆ తనిఖీ రిపోర్టు నకలు నా దగ్గరుంది. అందులో గంజు కొలత ఉంది, బొప్పాయి మొక్కల సంఖ్య ఉంది, నా భయం ఉంది. పిల్లలు తిన్నారా లేదా అన్నది మాత్రం ఎక్కడా లేదు. మెమో తీసేయమని ఇక అడగను. భయపడ్డానన్న మాట ఉండనివ్వండి. ఆ డిపార్టుమెంటు కుర్చీలో ఈ రోజు కూర్చున్నవారు ఎవరైనా సరే, ఆ పాత కాగితం తెప్పించి, దాని కింద "ఆ రోజు పిల్లలు తిన్నారు" అని ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి నాకు పంపండి. ఇష్టం లేకపోతే, ఎందుకు రాయరో అదైనా రాయండి. ఈసారి నాకు జవాబు కావాలి.