పటికబెల్లం దాచిన శనివారం

మొన్న మెట్రోలో ఎల్బీనగర్ వెళ్తుంటే పక్క సీటులోని అమ్మాయి వేలికి సూది గుచ్చుకుని, అరచేతిలో ఇమిడే మిషన్ చూసుకుని, సంచిలోంచి చాక్లెట్ తీసి తినేసింది. షుగర్ పడిపోయింది ఆంటీ, అంటూ నవ్వింది కూడా. కింద కొత్తపేట రోడ్డు కనబడుతోంది. నేను నవ్వలేకపోయాను.

నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, నల్లగొండ పక్క పల్లె నుంచి నాయనను తెచ్చి మన్సూరాబాద్‌లో మా కిరాయి ఇంట్లో పెట్టుకున్నాను. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇంట్లో ఒకరికి జబ్బొస్తే ఇంకొకరు పోలీసయ్యేవాళ్లు. నాయనకు షుగర్ అని తేలగానే ఆ కొలువు నాదైంది; చాయ్‌లో చక్కెర బంద్, మామిడిపండు బంద్, పెళ్లి భోజనాల్లో ఆయన విస్తరిలో లడ్డూ పడకముందే నా చెయ్యి అడ్డం. తీపి వద్దని డాక్టరు చెప్పింది గట్టిగా పట్టుకుని, గోలీ వేసుకుని పస్తుండొద్దన్నది గాలికొదిలేసిన ఘనురాలిని. శనివారం నాయనకు ఒక్కపొద్దు. పొద్దున్నే గోలీ మింగేవాడు, సాయంత్రం దీపం పెట్టాకే అన్నం. అందులో తప్పుందని మా ఇద్దరికీ తోచలేదు.

అలాంటి ఒక శనివారం దిల్‌సుఖ్‌నగర్‌లో గుడికి వెళ్లి మధ్యాహ్నం బస్సెక్కాం. కొత్తపేట దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, వెనక ఆటోలు, ఫుట్‌బోర్డు దాకా జనం, దిగుదామన్నా దారి లేదు. నాయనకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట ముద్దగా వచ్చింది. "పట్టపగలే తాగిండు ముసలాయన" అని ఎవరో నవ్వారు. మందు ముట్టని మనిషి ఆయన. నాకు తల కొట్టేసినట్లయింది. "జర గా పటికబెల్లం పెట్టు బిడ్డా" అంటూ నాయన ప్రసాదం పొట్లం విప్పబోయాడు. షుగర్ పెరిగే ఇలా అవుతోందనుకుని నేను పొట్లం లాక్కుని నా సంచి అడుగున దాచేశాను. మళ్లీ చెయ్యి చాచాడు. ఆ చేతి మీద ఒక్కటి కొట్టాను, చిన్నపిల్లవాడిని కొట్టినట్టు.

వెనక సీటులో, డ్యూటీ దిగి వెళ్తున్న దవాఖాన ఆయమ్మ ఒకామె లేచి వచ్చి, ఆయన పొద్దుట్నుంచి ఏం తిన్నాడని అడిగింది. గోలీ తప్ప ఏమీ లేదన్నాను. "గోలీ ఏసుకొని పస్తున్నడా? షుగర్ పడిపోయింది తల్లీ, తీపి పెట్టు!" అని కసిరింది. షుగరున్న మనిషికి తీపి ఎలా పెడతారని నేనింకా వాదిస్తుంటే, ఆమె నా సంచి లాక్కుని, పటికబెల్లం పొడి చేసి సీసా నీళ్లలో కలిపి, ఆయన మింగుతున్నాడో లేదో చూసుకుంటూ గుక్క గుక్కగా తాగించింది. బస్సు అంగుళం కదల్లేదు. నా వీపు మీద ఎవరిదో మోచెయ్యి, కాళ్లకు అడ్డంగా ఎవరిదో మూట, కళ్ల ముందు నాయన పాలిపోయిన పెదవులు. ఊపిరాడక నాకే ఏడుపొచ్చింది. ఎంతసేపటికో ఆయన చూపు నిలిచి, ఏ స్టాపొచ్చిందని అడిగాడు. ఎల్బీనగర్‌లో దిగి నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాం.

ఇప్పుడు ఆ రోడ్డు మీద మెట్రో నడుస్తోంది, ఇంటింటికీ షుగర్ చూసుకునే మిషన్ ఉంది, చెమట పడితే ఏం చూడాలో చదువుకునే పిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం అన్నీ ఆలస్యంగానే తెలిశాయి. నాయన ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు, నన్ను ఒక్క మాట అనలేదు. కానీ పండగపూట నేనే పిలిచి ఒక చిన్న ముక్క మిఠాయి ఇవ్వబోయినా, చెయ్యి చాచే ముందు నా ముఖంలోకి చూసేవాడు.