గాల్లో చక్రం, కింద నిమ్మకాయ

కువైట్‌లో నేను ఇంటింటికీ భోజనం చేరవేసే బండి నడుపుతాను. బ్నీద్ అల్ గార్ నుంచి సాల్మియా దాకా ఎవరికి ఆకలేసినా నా వెనకున్న పెట్టె తెరుచుకోవాల్సిందే. జగిత్యాల దగ్గర మా ఊళ్లో ఉన్న నా భార్యకు ఈ పని మొదటి నుంచీ నచ్చలేదు. ఒకసారి దసరా ముందు ఎవరో బండివాడు లారీ కింద పడ్డ వీడియో ఆమె ఫోన్లోకి వచ్చింది. అది ఏ దేశమో, ఎప్పటిదో కూడా తెలియదు. ఆ సాయంత్రమే తేల్చి చెప్పింది.

"బండి పని ఇడిసిపెట్టు. లేకుంటే ఇంటికొచ్చెయ్."

బండి వదిలితే మళ్లీ సిమెంటు పనికి పోవాలి. ఇక్కడి ఎండలో ఆ పని ఒకసారి చేసి చూసినవాణ్ణి, మళ్లీ చేయాలంటే ఏడుపొస్తుంది. అందుకని బేరానికి దిగాను. బండిని నేనెంత జాగ్రత్తగా చూసుకుంటానో పండగ రోజు వీడియో కాల్‌లో చూపిస్తాను, అదంతా చూశాక కూడా వద్దంటే మానేస్తాను అన్నాను. ఈ తెలివైన ఆలోచన పూర్తిగా నాదే. ఇందులో ఎవరికీ వాటా లేదు.

దసరా దాటాక వచ్చిన శుక్రవారం పొద్దున ముహూర్తం పెట్టుకున్నాం. ఇక్కడ వారానికి సెలవు ఆ రోజే కాబట్టి మా పండగలన్నీ శుక్రవారానికే వస్తాయి. ఆ రోజు కోసం ఒక స్టాండు కూడా కొన్నాను. నా బండికి డబుల్ స్టాండు లేదు, చైన్ శుభ్రం చేయాలంటే వెనక చక్రం పైకి లేవాలి. ఈ స్టాండును వెనక నుంచి దూర్చి కాలితో తొక్కితే చక్రం గాల్లోకి లేస్తుంది. మా గదిలో రాయచోటి అన్న ఒకాయన ఉన్నాడు, అరబ్బుల ఇంట్లో వంట చేస్తాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందబ్బీ ఇది, ఎద్దుకు లాడాలు కొట్టేదానికి తెచ్చినావా?"

ఆయన చేతిలోంచి స్టాండు లాక్కున్నాను. నేర్చుకున్నవాడు అలాంటి మాటలు పట్టించుకోకూడదు. నేను నేర్చుకున్నది మొత్తం ఫోన్లో చూసి, మంచం మీద పడుకుని.

బిల్డింగు వెనక రేకుల షెడ్డు కింద బకెట్టు బోర్లించి, దాని మీద ఫోను నిలబెట్టాను. అవతల నా భార్య చెంగు సర్దుకుని కూర్చుంది. ఊరికే పని చేసుకుంటే సరిపోయేది, నేను పాఠం మొదలుపెట్టాను. నేల వాలుగా ఉంటే స్టాండు జారుతుంది, అందుకే సమంగా ఉన్న చోటు వెతికాను చూడు అన్నాను. ముందు చక్రం దొర్లకుండా బ్రేకును రబ్బరు పట్టీతో బిగించి కట్టాను. హ్యాండిల్‌కు రెండు వైపులా తాళ్లు వేసి ఒకటి స్తంభానికి, ఒకటి కిటికీ ఊచకు కట్టాను. అన్నను పక్కన నిలబడి సీటు పట్టుకోమన్నాను. కాలితో స్టాండు తొక్కగానే వెనక చక్రం నాలుగు వేళ్లంత పైకి లేచింది. చైన్ తుడిచేటప్పుడు ఇంజన్ ఆన్ చేయకూడదు, వేళ్లు పోతాయి అని చెప్పి, చక్రాన్ని చేత్తోనే మెల్లగా తిప్పుతూ తుడిచాను, నూనె వేశాను.

"మంచిగనే చేస్తున్నవ్ గదా," అంది నా భార్య.

నా ఉద్యోగం నిలబడిందనుకున్నాను. ఛాతీ ఎంత ఉబ్బిందంటే, ఆ తర్వాత బుర్రకు పని తగ్గిపోయింది.

బండికి పసుపు, కుంకుమ పెట్టి దండ వేశాను. పని అయిపోయింది కదాని తాళ్లు విప్పాను, బ్రేకు పట్టీ తీసేశాను. ఇక నిమ్మకాయలు తొక్కించాలి. ముందు చక్రం కింద ఒకటి పెట్టాను, వెనక చక్రం కింద ఒకటి. వెనక కాయకూ చక్రానికీ మధ్య సందు కనిపించింది. కనిపించలేదని అబద్ధం చెప్పను. చూసి, కాయ చిన్నదైందనుకున్నాను. ఇంకా పెద్దది తెమ్మని అన్నను వంటింటికి పంపాను. ఆయన వెతికి వెతికి బత్తాయంత నిమ్మకాయ పట్టుకొచ్చాడు. అది చక్రానికి సరిగ్గా ఆనింది. నాకెంతో తృప్తిగా అనిపించింది.

దేవుణ్ణి తలుచుకుని బండెక్కాను. స్టార్ట్ చేసి, గేరు వేసి, క్లచ్ వదిలాను. వెనక చక్రం గిర్రున తిరిగింది. పెద్ద నిమ్మకాయ తుపాకీ గుండులా వెనక్కి ఎగిరి అన్న మోకాలికి తగిలింది. బండి మాత్రం కదల్లేదు.

"బండి పోలేదు గానీ, నిమ్మకాయ పోయింది కదబ్బీ!" అని అన్న మోకాలు పట్టుకుని అరిచాడు.

అప్పుడైనా ఆగాల్సింది. గేరు సరిగ్గా పడలేదనుకుని ఇంకాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, ఒళ్లంతా ముందుకు ఊపాను. బండి స్టాండు మీద నుంచి కిందికి దూకింది. తిరుగుతున్న చక్రం నేలను తాకగానే రివ్వున పోయి గోడ పక్కనున్న అట్టపెట్టెల గుట్టలోకి దూరింది. అద్దం పగిలింది. నేను దానికంటే ముందే కింద పడి ఉన్నాను.

"యాడన్నా తగిలెనా? లెయ్ సామీ, నీకు దండం పెడతా," అంటూ అన్న కుంటుకుంటూ వచ్చాడు.

ఫోను బకెట్టు మీద చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. అంతా చూపించింది. నేను కింద నుంచే దానికేసి చూసి, "రోజూ ఇట్ల కాదు," అన్నాను. తెర మీద ఆమె ముఖం కదల్లేదు. నెట్ ఆగిపోయిందేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను. అంతలో ఆమె కళ్లు ఆర్పడం కనిపించింది.

"లే. నడిచి సూపియ్," అంది.

నడిచాను. "దూరం పో. మళ్ల రా. ప్యాంటు పైకి గుంజు," అంది. గుంజాను. మోకాలు గీరుకుపోయింది, అంతకుమించి ఏమీ లేదు. పెళ్లిచూపులప్పుడు నేను ఆమెను అంతగా నడిపించలేదు. ఇక తీర్పు వినలేక నేనే ముందు నోరు తెరిచాను.

"ఇడిసిపెడ్త తియ్. రేపే చెప్త."

"నా కండ్ల ముంగట పడ్డవ్, లేచినవ్. సూసిన గనుక నిమ్మలంగున్న. రోడ్డు మీద పడితే నాకెవరు సూపిస్తరు?" అంది. "ఇగ నీ ఇష్టం," అని ముగించింది.

తిడితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. నిర్ణయం నాకే వదిలేసేసరికి ఆ దారీ మూసుకుపోయింది. సిగ్గులేకుండా చెప్పాలంటే, ఇప్పటికీ బండే నడుపుతున్నాను. డ్యూటీ అయ్యాక ఫోన్ చేస్తే ఆమె ముందుగా పలకరించదు, నడవమంటుంది. గదిలో మంచాల మధ్య ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తాను. అది చూశాకే తిన్నావా అని అడుగుతుంది.