అక్క ఫీలయింది

మా బావ తాండూరు నుంచి ఫోన్ చేసి ఒకటే ముక్క చెప్పి పెట్టేశాడు. "మీ అక్క ఫీలయింది." ఇక వికారాబాద్‌లో మా ఇంట్లో ఆ పూట టీ ఎవరికీ సహించలేదు.

ఆదివారం మా కొత్త ఇంటి గృహప్రవేశం. పాలు పొంగించాల్సింది ఇంటి ఆడబిడ్డ, అంటే అక్క. ఆమె రాకపోతే పాలు పొంగినా మా బంధువులు వాటిని పొంగినట్టు లెక్కవేయరు. నేను చేసిన నేరమల్లా ఆమెకు పత్రికను వాట్సాప్‌లో పంపడం. వెళ్లి బొట్టు పెట్టి పిలవలేదు.

నాకు ఇంగ్లీషు మాటల పిచ్చి. కోపం వచ్చినా ముందు నిఘంటువు తీస్తాను. ఫీలవడమంటే సంతోషం కావచ్చు, చలి కావచ్చు, కాళ్ల నొప్పి కావచ్చు, ఏది ఫీలయిందో బావ చెప్పొద్దా అని నా భార్య దగ్గర ఎగిరాను. ఆమె కుంకుమ భరిణె సంచిలో పెట్టుకుంటూ, మన దిక్కు దానికి ఒకటే అర్థమనీ, చొక్కా మార్చుకొమ్మనీ అంది.

నిజమే. మా వైపు సంతోషంతో ఎవరూ ఫీలవరు. దావత్‌లో మటన్ ముక్కలు తక్కువ పడితే ఫీలవుతారు, ఫొటోలో వెనక వరుసలో నిలబెడితే ఫీలవుతారు. కోపం అంటే మరీ పెద్ద మాట. అలక అంటే చిన్నపిల్లల వ్యవహారం. పెద్దవాళ్లు పరువు పోకుండా నొచ్చుకోవడానికి ఒక మాట కావలసి వచ్చి, ఇంగ్లీషువాళ్ల దగ్గర తెచ్చుకున్నారు. తిరిగి ఇచ్చే ఉద్దేశం ఎవరికీ లేదు. తాండూరు రైల్లో కూర్చుని ఆ మాట పుట్టుక వెతికాను. వెయ్యేళ్ల కిందట ఆ మాటకు అర్థం చేత్తో తడిమి చూడటమట. ఈ సంగతి మా అక్కకు మాత్రం చెప్పొద్దని నా భార్య ముందే హెచ్చరించింది.

అక్క తలుపు తీసింది, మంచినీళ్లిచ్చింది, జొన్నరొట్టెలు చేసింది. వడ్డించేటప్పుడు మాత్రం గోడ వైపు చూసింది. నా భార్య బొట్టు పెట్టి పిలిస్తే తల వంచి పెట్టించుకుంది గానీ, వస్తానని అనలేదు. నాకు నిజంగానే భయం వేసింది. పాండిత్యం పక్కన పెట్టి బతిమాలుకోవడానికి దిగాను.

"ఫోన్‌ల పిలిస్తే ఏమైతదక్కా? గింత దానికే ఫీలయితవా?"

అప్పుడు నా మొహం చూసింది.

"మీ ఇంట్ల పరిచే బండలు గీ తాండూరు నుంచే పోయినయట. లారీ వచ్చింది, నువ్వు రాలె. నేను ఫీల్ గాకుంటె, నువ్వు నా ఇంటికి వస్తుంటివా తమ్మీ?"

రైలెక్కితే గంట ప్రయాణం. నాకు సిగ్గేసింది. అక్క నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసి, ఈ రాత్రికి ఇక్కడే ఉండమనీ, పొద్దున తనూ మాతోనే బయల్దేరుతాననీ చెప్పింది.