మబ్బుల పండక్కి నాన్న వంట

ఆ రోజుల్లో ప్రైవేటు బళ్ళో కొత్త టీచరంటే, ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ క్లాసులో కూర్చోబెట్టడానికి పనికొచ్చే మనిషి. తొంభైల చివర్లో నేను మదనపల్లె నుంచి రోజూ బస్సులో పుంగనూరు వెళ్ళి ఆ ఉద్యోగమే చేసేదాన్ని. ఐదో తరగతి అల్లరిని అణచడానికి నా దగ్గర బెత్తమూ లేదు, గొంతూ లేదు. అందుకని మబ్బుల మీద ఒక దేశాన్ని కనిపెట్టాను. అక్కడ ఇళ్ళు దూదితో కడతారు, జనం నడవరు, తేలుతారు. ఏడాదికోసారి మబ్బుల పండగ. ఆ రోజు అమ్మలు వంటింటి గడప తొక్కితే వానలు పడవు. నాన్నలే రాగిసంగటి చేసి, ముద్ద నడుమ గుంట పెట్టి బెల్లం పాలు పోయాలి. అదే చెరువు. గట్టు తెగకుండా తినాలి. మొదటి ముద్ద పీట మీద కూర్చున్న అమ్మకే. (నేనేమో తెల్లవారకముందే లేచి ఇంట్లో ఆరుగురికి వండి బస్సెక్కేదాన్ని. నా కడుపుమంటంతా కథలోకి వచ్చేసింది.) పండగ ఎప్పుడని ఒక పిల్ల అడిగితే, నోటికొచ్చినట్టు "వచ్చే ఆదివారం" అన్నాను. అదే నా కొంప ముంచింది.

సోమవారం హెడ్మాస్టరు (పిల్లల భాషలో గద్ద సారు) పిలిపించారు. గదిలో ఆ పిల్ల నాన్న, బెల్లం మండీ ఆయన, చేతికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన భార్య తలవంచుకుని ఉంది. ఇంకో కుర్చీలో మా క్లాసు పిల్లవాడి నాన్న, కాంపౌండరు. ఈ ఉద్యోగం పోతే ఆ మర్నాడే పెళ్ళిచూపులని మా నాన్న ముందే చెప్పి ఉన్నాడు.

"ఏం టీచరమ్మా, మా పాప వాళ్ళమ్మను వంటింట్లోకే పోనీలేదు. నా సేత సంగటి కెలికించింది. ఇది మీ చర్చి పండగ గదా? మాకు యాల అంటిస్తాండావు?" అన్నాడు మండీ ఆయన. (మాది చర్చికి వెళ్ళే కుటుంబమని బళ్ళో అందరికీ తెలుసు.)

కాంపౌండరు ఉలిక్కిపడ్డాడు. "మా చర్చిలో ఇట్లాంటిది యాడుండాదప్పా? మీ వ్రతమేదో మా వానికి నేర్పించినారని నేను అడిగేదానికి వస్తి. నేనూ కెలికితి!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఆపైన నన్ను చూశారు. "పండగేమీ లేదు సార్, కథ" అన్నాను.

"లేని పండక్కా నా సెయ్యి కాలింది?" అంటూ మండీ ఆయన లేచాడు. గద్ద సారు ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపి, "రాజీనామా రాసియ్యమ్మా" అన్నారు. పెన్ను మూత తీశాను. పైన తేదీ వేశాను.

అప్పుడు ఆ భార్య తల ఎత్తింది. "సారూ, మాకు పెండ్లయి పన్నెండేండ్లు. ముద్దలో ఉండలుండె, అడుగంటె. అయినా నేను కూసోని వేడివేడిగా తినింది నిన్ననే. టీచరమ్మను పంపిస్తే మా పాపను గూడా మాన్పిస్తా."

మండీ ఆయన కూర్చున్నాడు. కాంపౌండరు గోడ మీది క్యాలెండరు చదవసాగాడు. గద్ద సారు కాగితం వెనక్కి లాక్కుని, "ఇంకమీద పుస్తకంలో ఉండే పండగలే సెప్పు" అన్నారు. నేను బయటికొచ్చి కొళాయి కింద మొహం పెట్టి తనివితీరా ఏడ్చాను.

తర్వాత పెళ్ళయి కుప్పం వచ్చాను. నా పిల్లలకూ ఆ దేశం కథ చెప్పాను, దూది ఇళ్ళూ, తేలే జనమూ, చెరువు ముద్దా అన్నీ. వంటింటి నియమం దగ్గరికొచ్చేసరికి మాత్రం, పేపరు చదువుతున్న మా ఆయన వైపు ఒకసారి చూసి, నాలుక కరుచుకుని దాటేసేదాన్ని. ఊరి మగవాళ్ళ చేత సంగటి కెలికించిన ఆ ఇరవై రెండేళ్ళ పిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దాని తెగువలో పావువంతు నాకు మిగిలి ఉంటే, ఒక్క ఆదివారమైనా పీట మీద కూర్చునేదాన్ని.